సగం కప్పిన సావిడి

మా ఊళ్లో గొడ్లసావిడి కప్పాలంటే ముహూర్తం చూడక్కర్లేదు. గురవయ్య ఖాళీగా ఉంటే చాలు. గురవయ్య ఖాళీగా ఉండడం మాత్రం ముహూర్తాల కంటే అరుదు. రెండు మూడేళ్లకోసారి కప్పు మీది తాటాకు కుళ్లుతుంది. పాత ఆకు పీకి కొత్త ఆకు కప్పుతారు. అదీ కుళ్లుతుంది, మళ్లీ కప్పుతారు. మా ఊరి సావిళ్లన్నీ ఇన్ని తరాలుగా ఇలా చస్తూ పుడుతూనే నిలబడ్డాయి. దీన్ని వారసత్వం అంటారని మాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే ఎప్పుడో రేకులు వేయించుకునేవాళ్లం.

ఆ రోజు మస్తానమ్మత్త సావిడి వంతు. అత్తకి ఉన్నది ఒకే బర్రె, దాని పేరు చుక్క. నిండు చూడితో ఉంది. తొలకరి పడేలోపు కప్పు పడాలి, లేకపోతే చుక్క వానలో ఈనాల్సొస్తుంది. అత్తకి ప్రపంచంలో ఉన్న బెంగ అదొక్కటే. గురవయ్య పొద్దున్నే పైకెక్కి తూర్పు వైపు పాతాకు మొత్తం పీకేశాడు. నీళ్లు చల్లి మెత్తబరిచిన కొత్తాకు కట్టలు కింద సిద్ధంగా ఉన్నాయి. పని అజమాయిషీ మా కోటిలింగం మావది. మావంటే మస్తానమ్మత్త మొగుడు. సావిడిలో ఓ మూల నులకమంచం వేసుకుని, ఎడమచెయ్యి తల కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, అజమాయిషీ చేస్తున్నాడు. గురక కూడా వస్తోంది.

సరిగ్గా అప్పుడే గ్రామీణ వాస్తు వారసత్వ పరిరక్షణ మండలి వారి కారు వచ్చింది.

అప్పటికే మండలివారికి కోటలూ, గుళ్లూ, దిగుడుబావులూ అయిపోయాయట. మిగిలింది గొడ్లసావిళ్లే. కారులోంచి ఇద్దరు దిగారు. ఒకరు సహాయ సంచాలకులు విశ్వంభరరావు గారు. ఆయన మాట్లాడుతుంటే ప్రభుత్వ ఉత్తర్వు నడిచొచ్చి మాట్లాడినట్టు ఉంటుంది. రెండో ఆవిడ సలహాదారు డాక్టర్ తన్మయి. ఆవిడ సావిడిలోకి వచ్చి, తలెత్తి, తూర్పు వైపు బోసిగా ఉన్న వాసాల్లోంచి ఆకాశాన్ని చూసి, గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"సర్... సగం కప్పు, సగం ఆకాశం!"

"చూచితిని. అపూర్వము," అన్నారు విశ్వంభరరావు గారు.

పైనుంచి గురవయ్య తొంగి చూశాడు. "ఇంకా కప్పలేదమ్మా. పొద్దున పీకా. పొద్దుగూకేలోపు అయిపోద్ది."

తన్మయి గారు గురవయ్య వంక చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "గమనించారా సర్? వీళ్ల జ్ఞానం వీళ్లకే తెలీదు. దాన్ని ఉత్త పని అనుకుంటారు."

"జ్ఞానం కాదమ్మా, తాటాకు," అంది మస్తానమ్మత్త.

"పగలు పశువుకి సూర్యుడు, రాత్రి నక్షత్రాలు. ఇది ఊపిరి పీల్చే కప్పు. ఏ కళాశాలలోనూ దీన్ని నేర్పరు."

"కుళ్లిపోతే పీకామమ్మా..."

"పని తక్షణమే నిలుపుదల చేయవలెను!" అని గర్జించారు విశ్వంభరరావు గారు. "ఎవరును ఏదియు కదల్పరాదు!"

గురవయ్య చేతిలో ఆకుతో అలాగే ఆగిపోయాడు. చుక్క నెమరు వేయడం మాత్రం ఆపలేదు. మావ గురకా ఆపలేదు. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశారు. తర్వాత గురవయ్యని కిందికి దిగమన్నారు. అక్కడికక్కడే సావిడిని వారసత్వ కట్టడంగా ప్రకటించి, అందరికీ దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు ఒక బోర్డు వచ్చింది. దాన్ని గుంజకు కొడితే కట్టడానికి గాయమవుతుందని దారి మధ్యలో పాతారు. దాంతో అత్త పేడతట్ట మోసుకుని మా ఇంటి చుట్టూ తిరిగి పోవాల్సొచ్చింది. తిరుగుతూ తిరుగుతూ నా ముందు ఆగింది.

"ఏందబ్బాయ్ ఆ రాత?"

చదివాను. "సదరు కట్టడమును, అందలి సకల చరాచర అంశములను గుర్తింపు సమయమున ఉన్న స్థితియందే పరిరక్షించవలెను."

"అంటే?"

"ఆ రోజు ఎట్టా ఉందో ఎప్పుడూ అట్టాగే ఉండాలంట అత్తా."

"మరి వానొస్తే?"

బోర్డు కింది దాకా వెతికాను. "వాన గురించి ఏం రాయలేదు. వాళ్లకింకా తెలిసినట్టు లేదు."

కబురు ఊరంతా పాకింది. తమ సావిడి కూడా అపూర్వమైపోతుందేమోనని జనం హడలిపోయారు. పొలాలకి పోవాల్సినవాళ్లు మానుకుని పలుగులు అందుకున్నారు. పలుగులు లేనివాళ్లు పొక్లెయిన్ పిలిపించారు. మా వీధి చివర ముసలి అంకమ్మ అయితే సావిడితోపాటు కోళ్లగూడు కూడా పీకించింది, ఎందుకైనా మంచిదని. అన్నాల వేళకి ఊళ్లో ఇంకో సావిడన్నది లేదు. బర్రెలన్నీ వేపచెట్ల కింద నిలబడి ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి.

ఆ మధ్యాహ్నమే విశ్వంభరరావు గారు ఇంకొన్ని సావిళ్లు గుర్తిద్దామని వచ్చారు. వీధులన్నీ తిరిగారు. ఎటు చూసినా మట్టిగుట్టలే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"శిథిలమగుచున్న వారసత్వము! మనము మరికొంత ఆలసించినచో ఈ ఒక్కటియు మిగిలియుండెడిది కాదు."

అలా మస్తానమ్మత్త సావిడి, మా ఊళ్లో మిగిలిన ఏకైక నమూనా అయింది. ఏకైక నమూనాలకి ప్రత్యేక శ్రేణి ఉంటుందట. ప్రత్యేక శ్రేణి అంటే చుట్టూ తాడు, ఎదురుగా గుడారం, ఖాకీ చొక్కా వేసుకున్న కాపలాదారు, సందర్శకులకు వేళలు. వాటితోపాటు సజీవ అంశాల జాబితా కూడా ఒకటి గుడారం ముందు కట్టారు. అందులో మొదటి అంశం చుక్క. రెండోది కోటిలింగం మావ.

"బర్రె తర్వాత రాశారా నా మొగుణ్ణి?" అంది అత్త.

"బర్రె, మనిషి... అక్షరక్రమం అయ్యుంటదిలే అత్తా."

"కాదు, వాడకాన్ని బట్టి రాశారు. ఈ ఒక్కటీ తెలిసే రాశారు."

మావకి ఇచ్చిన ఉత్తర్వు క్లుప్తంగా ఉంది. సందర్శన వేళల్లో నులకమంచం మీద, ఎడమచెయ్యి తల కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రించవలెను. మావ జీవితంలో ఏ పరీక్షా పాసవలేదు. దీనికి మాత్రం పుట్టుకతోనే తయారై వచ్చాడు.

మొదటి రోజే గొడవైంది. అత్త అలవాటు ప్రకారం చొప్ప కొయ్యమని మావని లేపడానికి పోయింది. కాపలాదారు ఈల ఊదాడు.

"అమ్మా, సజీవ అంశాన్ని ముట్టుకోకూడదు."

"అది అంశం కాదు, నా మొగుడు! పెళ్లైన కాడినించి ఈ మనిషిని లేపడమే నా బతుకైపోయింది. ఇప్పుడు లేపితే తప్పంటావేంది?"

మావ ఒక కన్ను మాత్రం తెరిచాడు. "కేసు పెడతారంట. నువ్వు జైలుకి పోతే చూసి తట్టుకునే ఓపిక నాకు లేదు. పోయి నువ్వే చొప్ప కోసుకో." కన్ను మూసుకుంది.

భోజనాల దగ్గర మాత్రం ఉద్యోగంలో కష్టాలు చెప్పుకున్నాడు. "ముక్కు మీద దోమ వాలిద్దిరా అబ్బాయ్. కొడదామంటే భయం. ఆ రోజు కూడా ఓ దోమ వాలినట్టు గుర్తు. అదీ జాబితాలో ఉందేమో!"

జనం రావడం మొదలైంది. తాడు దగ్గర చెప్పులు విడిచి, పేడలో ఉత్త కాళ్లతో నడిచి, కప్పులోంచి ఆకాశాన్ని చూసి ఆహా అనేవాళ్లు. అదే ఆకాశం బయట కూడా ఉందని ఎవరూ పైకి అనలేదు. ఒకాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంటే తన్మయి గారు సున్నితంగా తీయించారు.

"దయచేసి పీల్చండి. ఇది వాసన కాదు, ఘ్రాణ వారసత్వం."

ఆ వారసత్వం దగ్గరే ఒక చిక్కొచ్చింది. పేడ ఊడ్చబోతే కాపలాదారు అత్త చేతిలో చీపురు లాక్కున్నాడు. ఊడ్చకపోతే చుక్క రోజూ కలుపుతూ పోతోంది. విశ్వంభరరావు గారు ఫొటోలు భూతద్దంతో పరిశీలించి తీర్పిచ్చారు. గుర్తింపు సమయమున ఉన్న పేడ మూలాంశము, దానిని కదల్పరాదు. తరువాత పడినది తదనంతర చేర్పు, దానిని తొలగించవలెను. ఆ రోజు నుంచి పొద్దున్నే తన్మయి గారు మెత్తటి కుంచె పట్టుకుని గొంతుకూర్చుని, మూలాంశానికీ చేర్పుకీ సరిహద్దు గీసేవారు. చుక్క వెనక్కి తిరిగి ఆవిడ వంక చూసేది. దాని జీవితంలో తన పని మీద ఇంత శ్రద్ధ పెట్టిన మనిషిని అది చూడలేదు.

గురవయ్య రోజూ వచ్చి తాటాకు కట్టల మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. "ఆకు ఎండిపోతందక్కా. ఇంకొన్నాళ్లుంటే పొడుమే," అనేవాడు. అత్త కట్టల మీద నీళ్లు చల్లి, దక్షిణం వైపు మబ్బుల కోసం చూసేది. మేమంతా వానకోసం చూస్తున్నాం, ఆవిడొక్కతే రాకుండా ఉండాలని చూస్తోంది.

ఒక తెల్లారి చుక్క ఈనింది. పెయ్యదూడ. దేవుడి దయవల్ల ఆ పూట సగం ఆకాశం శుభ్రంగా ఉంది. అత్త దూడని గోనెపట్టాతో తుడుస్తూ, "అమ్మ తల్లీ, బంగారు తల్లీ," అని మురిసిపోతుంటే విశ్వంభరరావు గారు తాడు దాటి వచ్చారు.

"ఏమిది?"

"దూడ సారూ."

"దూడ యని నేనును గ్రహించితిని. గుర్తింపు సమయమున ఇది లేదు. కావున ఇది అనుమతి లేని అదనపు నిర్మాణము. నిషిద్ధ పరిధికి వెలుపలకు తొలగించవలెను."

అత్త దూడని ఒళ్లోకి లాక్కుంది. "దూడ లేకపోతే బర్రె చేపదు సారూ. పాలియ్యదు."

"పాలు జాబితాలో లేవు."

చుట్ట ఆర్పి గురవయ్య లేచొచ్చాడు. "సారూ, ఆ రోజు చుక్కని ఫొటో తీశారు గదా?"

"తీసితిమి. నాలుగు దిక్కుల నుండి."

"మరి దూడని కూడా తీశారు."

"ఎచ్చట నున్నది?"

"లోపల."

విశ్వంభరరావు గారు కళ్లజోడు సర్దుకుని చుక్క పొట్టని నాలుగు దిక్కుల నుంచీ చూశారు. తన్మయి గారు ఆయన చెవి దగ్గరికి వంగారు. "సర్, న్యాయంగా చూస్తే అంతర్భాగమే."

"అనగా, అంతర్గత అంశము బహిర్గతమైనది," అని ఆయన నెమ్మదిగా కూడబలుక్కున్నారు. "సరే. అనుమతించడమైనది. ఒక షరతు. మరల లోనికి పంపరాదు."

"పంపంలే సారూ," అని అత్త దూడ తల మీద చెయ్యేసి ప్రమాణం చేసింది.

దూడ నిక్షేపంగా పాలు తాగడం మొదలెట్టింది. మబ్బులు కూడా మొదలెట్టాయి. మూడోనాటికి దక్షిణం వైపు ఆకాశం అడుగు మాడిన గిన్నెలా అయింది. గాలిలో తడి వాసన. మండలి అధ్యక్షులవారు మర్నాడే సావిడి చూడ్డానికి వస్తారని గుడారంలో హడావుడిగా ఉంది. గుడారం ముందు పెద్ద బొమ్మ కట్టారు. గుర్తింపు రోజు తీసిన ఫొటోనే మనిషెత్తున వేయించారు. అత్త దాని కిందినుంచే లోపలికి పోయింది. నేనూ వెనకాలే పోయాను.

"సారూ, రాత్రికో రేపటికో వాన పడిద్ది. పూట పని. కప్పుకోనియ్యండి. ఈనిన బర్రె, పచ్చి దూడ. తడిస్తే దక్కవు."

"అమ్మా, ఆ సగము ఆకాశమే ఈ కట్టడము యొక్క ఆత్మ."

"ఆత్మకి జలుబు చెయ్యదు సారూ. దూడకి చేస్తది."

తన్మయి గారి మొహంలో జాలి కనిపించింది. "పోనీ సర్, దూడకి ఒక గొడుగు?"

"గొడుగు జాబితాలో ఉన్నదా?"

లేదు. ఆవిడ తల వంచుకున్నారు.

అత్త విసవిసా సావిడిలోకి పోయింది. చుక్క తాడు విప్పుదామని కట్టుగొయ్య మీద చెయ్యేస్తే కాపలాదారు ఈల ఊదాడు. దూడనైనా ఇంట్లోకి మోసుకుపోదామని మావ రెక్క పట్టుకుని లేపింది. "లెగవయ్యా! నీ నిద్ర తగలెయ్య! దూడనెత్తు!" మావ సగం లేచాడు. కాపలాదారు ఈల ఊది ఊది ఆయాసపడ్డాడు. విశ్వంభరరావు గారు పంచె కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. మర్నాడొచ్చే అధ్యక్షులవారి కోసం ఆయన పంచె కట్టడం సాధన చేస్తున్నారు.

"అకృత్యము! అకృత్యము! గుర్తింపు సమయమున ఎవరేమి చేయుచుండిరో, నేడును, రేపును, ఆచంద్రార్కము అదియే చేయుచుండవలెను! అదియే నియమము!"

అత్త మావ రెక్క వదిలేసింది. మావ దబ్బున మంచం మీద పడి, పడుతూనే నోరు కొంచెం తెరిచాడు. అత్త మాత్రం కదల్లేదు. ఆవిడ చూపు విశ్వంభరరావు గారిని దాటి, తాటాకు కట్టల మీద కూర్చున్న గురవయ్య దగ్గరికి పోయి ఆగింది. అక్కడినుంచి గుడారం ముందు కట్టిన బొమ్మ మీదికి పోయింది.

"సారూ, ఇప్పుడన్నది మళ్లీ ఒకసారి అనండి."

నియమం చెప్పమంటే ఆయనకి ఎక్కడలేని సంతోషం. రాగం తీసి మళ్లీ చెప్పారు.

"మరి ఆ రోజు మా ఆయన ఏం చేస్తన్నాడు?"

"నిద్రించుచుండెను."

"చుక్క?"

"నెమరు వేయుచుండెను."

"గురవయ్య?"

విశ్వంభరరావు గారు నోరు తెరిచారు. తెరిచి, బొమ్మ వైపు తిరిగారు. బొమ్మలో గురవయ్య వాసాల మీద గొంతుకూర్చుని, చేతిలో ఆకు పట్టుకుని, మనిషెత్తున ఉన్నాడు.

"కప్పు... కప్పుచుండెను."

"మరి కిందెందుకున్నాడు?"

చుక్క ఒక్కసారి తోకతో ఈగని కొట్టుకుంది. తన్మయి గారు పాలిపోయి, "సర్, అంటే ఇన్నాళ్లూ ఉల్లంఘన జరుగుతోంది. మన ఎదురుగానే," అన్నారు.

విశ్వంభరరావు గారు గురవయ్య మీద విరుచుకుపడ్డారు. "ఓయీ! ఎవరి అనుమతితో క్రిందికి దిగితివి?"

"మీరే దిగమంటిరి సారూ."

"నేనా?"

"మీరే."

ఆయన చుట్టూ చూసుకుని గొంతు తగ్గించారు. "ఈ సంగతి అధ్యక్షులవారికి తెలియరాదు. పైకెక్కుము. తక్షణమే పైకెక్కుము. కప్పుచుండుము!"

గురవయ్య తీరిగ్గా తలగుడ్డ చుట్టుకుని, వారసత్వం మీదికి ఎక్కాడు. కానీ సావిడి కప్పడం ఒక్కడి పని కాదు. మా ఊళ్లో ఒకడు పైన కూర్చుంటే ఇద్దరు ఆకందిస్తారు, ఇంకొకరు వాసానికి కట్టు బిగిస్తారు, మిగిలినవాళ్లు కింద నిలబడి తప్పులు పడతారు. అత్త వీధిలోకి పోయి కేకేసింది. సావిళ్లు పీక్కుని, చేసేది లేక కూర్చున్నవాళ్లంతా వచ్చేశారు. అంకమ్మ కూడా వచ్చింది, తప్పులు పట్టడానికి.

"వీరు ఫొటోలో లేరు!" అన్నారు విశ్వంభరరావు గారు.

"ఆకందించేవాళ్లు ఆ టయానికి మీ కారు చూడ్డానికి పోయారు సారూ. మీరు నడిచొచ్చుంటే ఫొటోలో ఉండేవాళ్లే," అంది అత్త.

ఆకు తర్వాత ఆకు పైకి పోతోంది. సగం ఆకాశం పావు ఆకాశం అయింది. గురవయ్య చేతులు ఆడుతున్న జోరు చూసి విశ్వంభరరావు గారికి కొత్త భయం పట్టుకుంది.

"నిదానముగా! పూర్తి చేయరాదు! కప్పుచుండుట వారసత్వము. కప్పి ముగించుట నేరము!"

"ఇదేందయ్యా! కప్పుతా ఉంటే ఎప్పటికో ఒకప్పటికి అయిపోద్దిగా!" అంది అంకమ్మ.

కట్టలు అయిపోతున్నాయి, మబ్బు నెత్తి మీదికొచ్చింది. చివరికి నిచ్చెన కిందే సమావేశం జరిగింది. తీర్మానం ఇది: ఒక్క ఆకు పట్టేంత ఖాళీ శాశ్వతంగా వదిలిపెట్టవలెను. సందర్శన వేళల్లో గురవయ్య ఆ ఖాళీ పక్కన, ఆ ఒక్క ఆకు చేతిలో పట్టుకుని, ఇదిగో పెట్టబోతున్నాను అన్నట్టు కూర్చోవలెను. గురవయ్యని మూడో సజీవ అంశంగా చేర్చారు.

"ఖాళీ యాడ వదలమంటావక్కా?" అని పైనుంచి అడిగాడు గురవయ్య. అత్త సావిడంతా కలయదిరిగింది. చుక్క కట్టుగొయ్య దగ్గర నిలబడి పైకి చూసింది. దూడ పడుకునే చోట నిలబడి పైకి చూసింది. కుడితితొట్టి దగ్గర కూడా కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత ఒక మూలకి పోయి, వేలెత్తి, "ఇక్కడ," అని చూపించింది.

మర్నాడు అధ్యక్షులవారు రావడమూ, వాన రావడమూ ఒకేసారి జరిగాయి. గొడుగుల కింద అందరూ సావిడిలోకి చేరారు. గురవయ్య తడవకుండా నెత్తిన గోనెపట్టా కొప్పెర వేసుకుని పైన డ్యూటీలో ఉన్నాడు. చుక్క పొడిగా నిలబడి నెమరు వేస్తోంది. దూడ పొడి గడ్డిలో కాళ్లు ముడుచుకుని పడుకుంది. తన్మయి గారు పైకి చూపించి, "ఆకాశం మొత్తాన్నీ ఒక్క ఆకులో ఇమిడ్చారు సర్," అని వివరిస్తున్నారు. అధ్యక్షులవారు ఆహా అన్నారు. అని, మంచం దగ్గరికి వచ్చి కోటిలింగం మావ మీదికి వంగారు.

"ఎంత సహజంగా ఉన్నాడయ్యా!"

పైనుంచి ఒక వానచుక్క రాలి మావ నుదుటి మీద పడింది. తర్వాతిది ముక్కు మీద. ఆ తర్వాత ధార కట్టి, ఉత్తర్వు ప్రకారం కొంచెం తెరిచి ఉన్న నోట్లోకి సూటిగా దిగింది. మావ గుటక వేశాడు. ఒక కన్ను తెరిచి మస్తానమ్మత్త వైపు చూశాడు. మంచం కోళ్లు కదిలాయి.

అత్త దూడ మెడ గోకుతూ, అటు తిరక్కుండానే, పెళ్లైనకాడినించి ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా అంది.

"లెగవమాకయ్యా. కేసవుద్ది."